అప్‌డేట్: బాబు కళ్ళు చూపించాం, ఫోన్ కూడా తగ్గింది

రెండో తరగతి చదివే మా బాబు ఫోన్ వదలడం లేదని, ఊరికే కళ్ళు నులుముకుంటున్నాడని మొన్న అడిగాను కదా. విజయనగరంలోనే కంటి డాక్టరుకు చూపించాం. చుక్కలు వేసి పరీక్షించారు. కొద్దిగా మైనస్ పవర్ ఉందని, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపిస్తాయని కళ్ళద్దాలు రాశారు.

ఫోన్ తగ్గించడం ఒక్కటే చాలదట, రోజుకు 2 గంటలైనా ఆరుబయట వెలుతురులో ఆడాలన్నారు. కనుగుడ్డు పొడవుగా సాగితే మైనస్ పవర్ పెరుగుతుందట, ఆ వెలుతురు వల్ల అలా సాగడం కొంత తగ్గుతుందట. నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే. ఇప్పుడు సాయంత్రం వాళ్ళ తాతయ్య అయోధ్య మైదానానికి తీసుకెళ్తున్నారు. ఆటలో పడితే ఫోన్ ఊసే ఎత్తడు! అన్నం దగ్గర మాత్రం ఇంకా పేచీ పెడుతున్నాడు.

స్కూలు వీడియోలు టీవీలో, దూరంగా కూర్చోబెట్టి చూపిస్తున్నాం. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటున్నాం.

స్కూల్లో కళ్ళద్దాలు తీసేయకుండా మీ పిల్లలకు ఎలా అలవాటు చేశారో చెప్పండి, ఇప్పుడు నా టెన్షన్ అదే.