భూతద్దం అక్షరాన్ని ఎందుకు పెద్దది చేస్తుంది? పిల్లలకు చెప్పేదెలా?

ప్రశ్న:
మూడో తరగతి పిల్లలకు భూతద్దం గురించి చెప్పాలి. "గాజు మధ్యలో ఉబ్బుగా ఉంటుంది, కాంతిని వంచుతుంది" వరకు బాగానే సాగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. కాంతి వంగితే అక్షరం ఎందుకు పెరగాలి? అద్దాన్ని దూరం జరిపితే తలకిందులెందుకవుతుంది? దీన్ని 1267లో ఇంగ్లండ్ పండితుడు రోజర్ బేకన్ కనిపెట్టాడని రాయొచ్చా?

జవాబు 1:
గాజుతో కాదండి, కంటితో మొదలుపెట్టండి. ఏదైనా దగ్గరికి తెచ్చుకుంటే పెద్దగా కనిపిస్తుంది, మరీ దగ్గరైతే మసకబారుతుంది. పెద్దవాళ్లకు ఆ హద్దు సుమారు 25 సెం.మీ. భూతద్దం ఆ హద్దును దాటిస్తుంది, అంతే. అక్షరం నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలను కాస్త దగ్గరికి చేర్చి కంటి పని తేలిక చేస్తుంది.

అద్దం లేకుండానే చూపించొచ్చు. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి కంటికి ఆనించండి. మంచి వెలుతురులో సన్న అచ్చును 5 సెం.మీ. దూరంలో పెట్టి చూడండి. అక్షరాలు పెద్దగా, స్పష్టంగా ఉంటాయి. మసకను తీసేసింది రంధ్రం, పెద్దది చేసింది దగ్గరితనం. రంధ్రం 1 మి.మీ. దాటితే మళ్లీ మసకే.

జవాబు 2:
తలకిందుల సంగతికి ముందు నాభ్యంతరం కొలిపించండి. కిటికీకి ఎదురు గోడ దగ్గర తెల్లకాగితం పట్టుకుని, బయటి చెట్టు బొమ్మ కాగితం మీద స్పష్టంగా పడేదాకా అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపాలి. అద్దానికీ కాగితానికీ మధ్య దూరమే నాభ్యంతరం. చెట్టుకు బదులు మీటరు దూరంలోని దీపంతో కొలిస్తే 10 సెం.మీ. అద్దం కూడా 11 చూపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

జవాబు 1లో చెప్పిన 25 సెం.మీ.ను ఆ దూరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది: 10 సెం.మీ.కి 2.5. పిల్లల కళ్లు 10 సెం.మీ. లోపు కూడా చూడగలవు కాబట్టి వాళ్లకు అంత తేడా అనిపించదు, "పెద్దగా పెరగలేదే" అంటే కొట్టిపారేయకండి.

అక్షరాలున్న కాగితం అద్దానికి నాభ్యంతరం లోపలుంటే కిరణాలు అద్దం దాటాక కూడా విచ్చుకుంటూనే ఉంటాయి, అక్షరం నిటారుగా కనిపిస్తుంది. దాని అవతలికి పోతే కిరణాలు అద్దానికి ఇవతల కలుస్తాయి. పైవి కిందికి, కిందివి పైకి. ఆ బొమ్మ చూడాలంటే అద్దాన్ని చేయి చాచి పట్టుకోవాలి, కంటి దగ్గరే ఉంచితే మసక తప్ప ఏమీ ఉండదు.

జవాబు 3:
"కనిపెట్టాడు" అనకండి. బేకన్ రాసింది గాజుగోళపు ముక్కను అక్షరాల మీద పెడితే చూపు తగ్గినవాళ్లకు పనికొస్తుందని. అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే రోమ్‌లో తత్వవేత్త సెనెకా, నీళ్లు నింపిన గాజుబంతిలోంచి అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని రాశాడు. ఆ గొప్ప నీళ్లదనుకున్నాడు, నిజానికి వంపుది. కళ్లజోడు 1286 ప్రాంతంలో ఇటలీలో వచ్చింది. 1670లలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ ఒకే ఒక్క బుల్లి కటకంతో సూక్ష్మజీవులను చూశాడు. ఆయన చేసినవాటిలో ఒకటి సుమారు 266 రెట్లు చూపిస్తుంది. పై లెక్కలో వేయండి, నాభ్యంతరం 1 మి.మీ. కూడా రాదు! కంటికి దాదాపు ఆనించి చూడాల్సిందే.

జవాబు 2 (మళ్లీ):
ఒకటి మరిచాను. 5 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. నాభ్యంతరం ఉన్న అద్దం మీద పడ్డ ఎండంతా సుమారు 1 మి.మీ. చుక్కలోకి చేరుతుంది, వైశాల్యంలో 2,500 రెట్ల తేడా. దానిలోంచి సూర్యుణ్ణి చూడనివ్వొద్దు. పని అయ్యాక కిటికీ అంచున వదిలేయకుండా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి.