నువ్వు చేలో దొరికిన పుర్రె గుర్తు పురుగు: స్టిక్సా, లాకెసిసా?

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల వైపు. నువ్వు చేలో వేలంత లావు ఆకుపచ్చ గొంగళి పురుగు దొరికింది. ఒంటికి ఇరుపక్కలా ఏటవాలు చారలు, తోక దగ్గర గరుకైన వంకర కొమ్ము. చంపబుద్ధి కాక, మట్టి పోసిన డబ్బాలో నువ్వు ఆకులు వేసి పెంచాను. మట్టిలోకి దిగి ప్యూపా అయింది. నిన్న రాత్రి తల్లి పురుగు, అంటే రెక్కల చిమ్మట, బయటికొచ్చింది. వీపు మీద అచ్చం మనిషి పుర్రె! ముట్టుకుంటే కీచుమని అరిచింది.

ఇది స్ఫింజిడే కుటుంబంలోని ఆకెరాన్షియా ప్రజాతి అని నాకు నమ్మకమే. ఇందులో మూడే జాతులు. ఆట్రోపాస్ ఆఫ్రికా, యూరప్‌లది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మిగిలిన స్టిక్స్, లాకెసిస్ రెండూ మన దేశంలో ఉన్నాయి. చిక్కంతా ఇక్కడే.

లాకెసిస్‌కు వెనక రెక్క మొదట్లో పెద్ద నల్ల మచ్చ ఉంటుందని చదివాను. నా దానికి వెనక రెక్క పసుపు, మీద రెండు నల్ల పట్టీలు. మొదలు మాత్రం ముందు రెక్క చాటున పడి ఫొటోలో సరిగా రాలేదు. బలవంతంగా రెక్కలు విప్పితే పొలుసులు రాలిపోతాయి, ఆ పని చేయలేను.

రెక్కలు ముట్టకుండా, పొట్ట కింది రంగు చూసో, పుర్రె ఛాయను బట్టో తేల్చవచ్చా? నువ్వుల మీద పెరిగింది కాబట్టి స్టిక్సే అనుకోవడం తొందరపాటా? ఈ రాత్రికి వదిలేయాలి. తెలిసినవాళ్లు దయచేసి ఆలోపు చెప్పండి.