చుంచెలుక నుంచి ఎలుకకు వైరస్ దూకిందని ఎలా తెలుస్తుంది?

రాత్రిళ్లు మా వంటింటి గోడ వెంట కీచుమంటూ పరుగెత్తే చుంచెలుకే ఈ సందేహానికి మూలం. పొడవాటి మూతి, భరించలేని కంపు. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుకల జాతి కాదు. 1964లో వేలూరు దగ్గర పట్టిన ఇలాంటి చుంచెలుకలోనే తొట్టపాళయం వైరస్ దొరికింది. అది హంటావైరస్ (ఎలుకల్లాంటి చిన్న జంతువుల్లో ఉండే ఒక వైరస్‌ల కుటుంబం) అని చాలా ఏళ్ల తర్వాతే తేలింది. కొరియా పొలం ఎలుకల్లోని హంటాన్ వైరస్‌దీ అదే కుటుంబం.

జంతువులు వేర్వేరు జాతులుగా విడిపోయినప్పుడే వాటిలోని వైరస్‌లూ విడిపోయాయా, లేక మధ్యలో ఒక జాతి జంతువు నుంచి మరో జాతికి దూకాయా? జంతువులదీ వైరస్‌లదీ రెండు వంశవృక్షాలను పక్కపక్కన పెడితే కొన్ని కొమ్మలు కలవడం లేదు. పైగా వీటి జన్యుపదార్థం మూడు ముక్కలు. ఒక్కో ముక్కది ఒక్కో చరిత్ర కావచ్చు కదా! వైరస్ దూకిందని నమ్మకంగా తేల్చే పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరా? ఇంటర్‌తోనే జీవశాస్త్రం వదిలేశాను, కాస్త ఓపికగా వివరించండి.