హాట్‌వీల్స్ కార్లు కొని అమ్ముతున్నానని అకౌంట్లు ఆపేశారు, లోపల 11,400 ఇరుక్కున్నాయి

గుంటూరు_గ్యారేజ్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపికగా చదవండి. నాది గుంటూరు. మూడేళ్ళ నుంచి హాట్‌వీల్స్ బొమ్మ కార్లు పోగేస్తున్నాను, పోయిన ఏడాది నుంచి కొన్ని అమ్ముతున్నాను కూడా, ఇందులో దాచేదేమీ లేదు. 179 రూపాయల ఎంఆర్‌పీ ఉన్న మెయిన్‌లైన్ (మామూలు రకం) కారు, జనం ఎగబడే మోడల్ అయితే వాట్సాప్ గ్రూపుల్లో 350కో 400కో పోతుంది. నెలకు ఆరేడు వేలు మిగిలేవి. డిగ్రీ అయ్యి రెండేళ్ళయినా ఉద్యోగం రాలేదు, నాన్న ఆటో నడుపుతారు, ఆ డబ్బుతోనే ఇంట్లో కరెంటు బిల్లు, చెల్లి బస్ పాస్ గడిచేవి.

నేను కొనే యాప్‌లో ఒక్కో మోడల్ అకౌంటుకి మూడే ఇస్తారు. అందుకని అమ్మ నంబరుతో ఒకటి, చెల్లి నంబరుతో ఒకటి, బాబాయి నంబరుతో ఒకటి తెరిచాను. అడ్రసు ఒకసారి ‘రామాలయం ఎదురు’ అని, ఒకసారి ‘గుడి పక్క సందు’ అని మార్చి రాసేవాణ్ణి. డబ్బు మాత్రం అన్నిటికీ నా యూపీఐ నుంచే కట్టాను. పోయిన గురువారం రాత్రి కొత్త స్టాకు వస్తే నాలుగు అకౌంట్ల నుంచీ ఆర్డర్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అన్నీ క్యాన్సిల్, ‘తిరిగి అమ్మడానికి కొంటున్నట్టు గుర్తించాం, అకౌంట్ నిలిపివేశాం’ అని నాలుగు నంబర్లకూ ఒకటే మెసేజ్. రీఫండ్ బ్యాంకుకి రాలేదు, యాప్ వాలెట్‌లోకి వెళ్ళింది. పాతదీ కొత్తదీ కలిపి 11,400. లాగిన్ కావడం లేదు, చాట్‌లో మనిషి దొరకడం లేదు. దానికి తోడు అమ్మ మొన్ననే కొన్న మిక్సీ బిల్లు, వారంటీ ఆమె అకౌంట్లోనే ఉన్నాయి, ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఆ డబ్బు వస్తుందా? అకౌంట్లు మళ్ళీ తెరుస్తారా? గ్రూపులో ఒకతను కొత్త సిమ్, పాత ఫోన్ ఒకటి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టు, ఏం కాదు అంటున్నాడు. రెండు రోజుల నుంచి నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_సెల్లర్_కూకట్‌పల్లి:

తమ్ముడూ, ముందు ఆ సిమ్ ఆలోచన మానెయ్. నేను నాలుగేళ్ళు ఆన్‌లైన్‌లో మొబైల్ కవర్లు అమ్మాను, ఇలా అకౌంట్లు పోగొట్టుకున్నవాళ్ళను దగ్గర నుంచి చూశాను. ఫోన్ నంబరు ఒక్కటే చూస్తారనుకోకు. యాప్ పెట్టుకున్న ఫోన్, డబ్బు కట్టిన యూపీఐ, మ్యాప్‌లో పిన్ పడిన చోటు, ఆర్డర్ పెట్టిన టైము, అన్నీ కలిపి చూస్తే నాలుగు పేర్లూ ఒకే ఇంటివని తేలిపోతుంది. అడ్రసు నువ్వు ఎన్ని రకాలుగా రాసినా డెలివరీ కుర్రాడు వచ్చి ఆగేది అదే గుమ్మం ముందు కదా. కొత్త అకౌంట్ తెరిస్తే అది కూడా పోతుంది, పైగా ‘మళ్ళీ అదే పని చేశాడు’ అని రికార్డులో ఉంటుంది, పాత డబ్బు అడిగే హక్కు ఉన్నా నీ మాటకు బలం తగ్గుతుంది.

లిమిట్ పెట్టడం, ఆపేయడం వాళ్ళ నిబంధనల్లో ఉండే ఉంటుంది, వెళ్ళి చదువు. పెద్ద యాప్‌లు చాలావాటిలో సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉంటుంది. అమెజాన్ ప్రైమ్ షరతుల్లో అయితే తిరిగి అమ్మడానికి ప్రైమ్ కింద కొనకూడదని నేరుగానే ఉంది. కాబట్టి అకౌంట్ గురించి పోట్లాడితే గెలవడం కష్టం. డబ్బు సంగతి వేరు. వస్తువు ఇవ్వలేదు, ఆర్డర్ వాళ్ళే క్యాన్సిల్ చేశారు, మరి ఆ డబ్బు వాళ్ళ దగ్గర ఎందుకుండాలి? అకౌంట్ ఆపడానికి ఒక కారణం ఉండొచ్చు, డబ్బు ఆపడానికి ఆ కారణం సరిపోదు. నీ ఉత్తరం అంతా ఈ ఒక్క మాట మీదే ఉండాలి.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి యాప్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి, పేరు, కాంటాక్ట్ సైట్లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చాట్ వదిలేసి ఆ ఆఫీసర్‌కి మెయిల్ రాయి. ఆర్డర్ నంబర్లు, నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు వెళ్ళిన లైన్లు, క్యాన్సిల్ మెసేజ్ స్క్రీన్‌షాట్లు జతచెయ్. కట్టిన ఖాతాకే తిరిగి వెయ్యమని అడుగు. నెలలో తేలకపోతే 1915కి ఫోన్ చెయ్, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఇది నీకు ఎవరూ చెప్పరు. 2019 వినియోగదారుల చట్టంలో తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవాడు ‘వినియోగదారుడు’ కిందికి రాడు. స్వయం ఉపాధి కోసం కొన్నవాళ్ళకు మినహాయింపు ఉంది గానీ అది కుట్టుమిషను కొనుక్కుని దాని మీద కుట్టి బతికేవాళ్ళ లాంటివాళ్ళకు పనికొస్తుంది, కొన్నది కొన్నట్టు అమ్మేవాళ్ళకు కాదు. అందుకని హెల్ప్‌లైన్‌తో పని కాకపోతే కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్ళడం నీకు కష్టమే, లాయర్ నోటీసు, సివిల్ దారే మిగులుతుంది. అలాగని అబద్ధం రాయకు, నాలుగు అకౌంట్ల చరిత్ర వాళ్ళ దగ్గరే ఉంది. మీ అమ్మగారిది మాత్రం వేరుగా రాయించు. మిక్సీ ఆవిడ ఇంటి కోసమే కొన్నారు, ఆ బిల్లు అడిగే హక్కు పూర్తిగా ఆవిడది. వారంటీ ఇచ్చేది మిక్సీ కంపెనీ గనక సీరియల్ నంబరుతో వాళ్ళ సర్వీస్ సెంటర్‌ని కూడా అడగండి. ఈ రాత్రికే అమ్మకు చెప్పు తమ్ముడూ, తర్వాత తెలిస్తే ఇంకా బాధపడతారు.

బాలు_వాళ్ళ_నాన్న:

నేను అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నాను. మా వాడికి ఏడేళ్ళు. నెల మొదటి ఆదివారం ఒక కారు కొనిపెడతానని మాట. మొన్న విశాఖలో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాం, తీగ బుట్టలో కార్లు గుట్టగా పోసి ఉన్నాయి. దాని ముందు ఇద్దరు కుర్రాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కార్డు (కారు అతికించిన అట్ట) పైకెత్తి, ప్లాస్టిక్ బుడగ పక్కకు వంచి, కారు వెనకాల అట్ట మీద బంగారు రంగు గుండ్రటి మంట గుర్తు ఉందా అని లైటుకి పెట్టి చూస్తున్నారు. అది ఉంటే సూపర్ ట్రెజర్ హంట్ అనే అరుదైన రకం అట, రబ్బరు టైర్లు, మెరిసే రంగు, వేలల్లో పోతుందట. మా వాడు వాళ్ళ భుజాల మధ్య నుంచి చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై నిమిషాలు నిలబడ్డాం. వాళ్ళు లేచాక బుట్టలో మిగిలినవి మూలలు మడతపడ్డ అట్టలు, వాడికి ముందే ఉన్న మోడళ్ళు. ‘పర్లేదు నాన్నా, వచ్చే నెల కొందాం’ అన్నాడు వాడు. ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది.

గుంటూరు తమ్ముడూ, నీ మీద కోపం లేదు. మీ నాన్నగారి సంగతి, చెల్లి బస్ పాస్ సంగతి చదివాక అసలు లేదు. కానీ అకౌంటుకి మూడు అని పెట్టింది మా వాడి లాంటి పిల్లలకు ఒకటైనా దక్కాలనే కదా. నాలుగు పేర్లతో పన్నెండు తీసుకుంటే మిగతా తొమ్మిదీ ఎవరో ఒకరి ఇంటికి రానివే. ఇది నిన్ను నొప్పించడానికి రాయడం లేదు, మనసులో ఉన్నది చెప్తున్నాను.

బొమ్మల_కొట్టు_రాజమండ్రి:

ఇరవై రెండేళ్ళ నుంచి బొమ్మల షాపు. సరుకు ఎందుకు తక్కువ వస్తుందో కూడా తెలుసుకోండి. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేనిదే బొమ్మ అమ్మకూడదు. మన దేశంలో తయారయ్యే బొమ్మలకు ఇది మేలు చేసింది, నేను కాదనను, కానీ బయట నుంచి వచ్చే ఇలాంటి కార్ల వరకు సరుకు బిగిసింది. పెట్టెలో ఏ మోడళ్ళు రావాలో మేం ఎంచుకోలేం, కలిపి వస్తాయి. పెట్టె విప్పిన రోజే ఒకడు వచ్చి మంచివన్నీ ఏరుకుపోతే మిగిలినవి ఆరు నెలలు మేకుకి వేలాడతాయి. అందుకే నా కొట్లో మనిషికి రెండే, పిల్లాడు వెంట ఉంటే మూడు.

బాబూ, నీకు అసలు ప్రమాదం యాప్ కాదు, ఎంఆర్‌పీ. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011లో 18వ రూల్ చూడు, ప్యాక్ చేసిన వస్తువును ముద్రించిన ధర కన్నా ఎక్కువకు రిటైల్ వ్యాపారే కాదు, మరెవరూ అమ్మకూడదని ఉంది. 179 అని అచ్చేసిన కార్డు ఫొటో పెట్టి పక్కన 400 అని నువ్వే రాస్తున్నావు, సాక్ష్యం నీ చేతులతోనే ఇస్తున్నట్టు. ఎవరైనా కోపం వచ్చి ఫిర్యాదు చేస్తే? నిజంగా ఈ పని మీద బతకాలనుంటే జీఎస్టీ నంబరు తీసుకో, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పెట్టె లెక్కన కొను, ఎంఆర్‌పీ లోపల అమ్ము. మార్జిన్ తక్కువే, ఒక్కో కారు మీద నీకు ఇప్పుడు మిగిలేదాంట్లో పావు వంతు కూడా ఉండదు. కానీ రాత్రి నిద్ర పడుతుంది. ఇంకొకటి, కార్ల కన్నా కార్లు దాచుకునే సామాను మీద నాకు ఎక్కువ మిగులుతుంది. కార్డు పాడవకుండా పెట్టే ప్లాస్టిక్ కవర్లు, గోడకు తగిలించే అక్రిలిక్ పెట్టెలు. వాటికి లిమిట్ లేదు, ఎవరి పిల్లాడి వాటా తగ్గదు.

డాలస్_తెలుగు:

అమెరికాలో ఇది పాత గొడవే. 2021 మేలో విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో టార్గెట్ అనే సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో జనం పోగేసుకునే బొమ్మల కార్డుల (ట్రేడింగ్ కార్డులు) కోసం ఒకతని మీద నలుగురు పడితే అతను తుపాకీ తీశాడు. ఆ తర్వాత టార్గెట్ క్రీడా కార్డులు, పోకెమాన్ కార్డులు కొంతకాలం స్టోర్లలో అమ్మడమే మానేసింది. లెగో అనే బొమ్మల కంపెనీ వాళ్ళ సైట్లో ఇంటికి ఇన్నే అని లిమిట్ ఉంటుంది, రీసేల్ అనిపిస్తే ఆర్డర్ రద్దు చేస్తామని షరతుల్లోనే రాసుకున్నారు. కొన్న వస్తువును ఎంతకైనా అమ్ముకోవడం ఇక్కడ తప్పు కాదు, ఎంఆర్‌పీ లాంటిది లేదు, కానీ నీకు అమ్మాలా వద్దా అన్నది షాపు ఇష్టం. బాట్లతో (మనిషి బదులు తామే కొనేసే ప్రోగ్రాములతో) టిక్కెట్లు కొనకుండా 2016లో చట్టం చేశారు, బొమ్మలకు కూడా అలాంటిది తేవాలని బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అందుకే ఇక్కడ షాపులు తమ లిమిట్లను తామే కాపలా కాసుకుంటున్నాయి.

ఇది చూసి ఎవరైనా ‘అయితే అమెరికా నుంచి తెప్పించి అమ్ముదాం’ అనుకుంటారేమో, మా బావమరిది అడిగాడు కాబట్టి చెప్తున్నా. వాడి కొడుక్కి నాలుగు కార్లు పట్టుకెళ్తాను, సంతోషంగా. సూట్‌కేసు నిండా తెచ్చి అమ్మితే పైన రాజమండ్రి గారు చెప్పిన ఐఎస్ఐ మార్కు వాటి మీద ఉండదు, కస్టమ్స్ దగ్గర కూడా అడుగుతారు.

గుంటూరు_గ్యారేజ్:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అమ్మకు చెప్పాను. తిట్టలేదు, ‘నా పేరు ఎందుకు పెట్టావురా’ అని ఒక్క మాట అంది, అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ సైట్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పొద్దున పంపాను. నాలుగు అకౌంట్లూ నేనే వాడానని రాశాను, కట్టిన డబ్బు కట్టిన ఖాతాకే వెయ్యమని అడిగాను, అమ్మది వేరే మెయిల్. సాయంత్రానికి అమ్మ మెయిల్‌కి మాత్రం ఫిర్యాదు నంబరు వచ్చింది. గ్రూపులో 400 అని ధర రాసి పెట్టిన ఫొటోలన్నీ తీసేశాను.

బాలు వాళ్ళ నాన్నగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ బుట్ట ముందు నేను కూడా చాలాసార్లు కూర్చున్నాను, వెనకాల ఎవరున్నారో ఎప్పుడూ తిరిగి చూడలేదు. బాలుకి ఏ మోడల్ కావాలో చెప్పండి, నా దగ్గర ఉంటే కొన్న ధరకే పంపుతాను. రాజమండ్రి గారూ, ఆ అక్రిలిక్ పెట్టెలు మీరు ఎక్కడ నుంచి తెప్పిస్తారు, మొదట ఎన్ని తీసుకోవచ్చు?

బాలు_వాళ్ళ_నాన్న:

వాడిని అడిగాను. అంబులెన్స్ అన్నాడు. ఏ రంగైనా పర్లేదట, డోరు తెరుచుకుంటే చాలట.