టీక్యూఎఫ్‌పీ-32 (నాలుగు వైపులా కలిపి 32 కాళ్లుండే చదునైన ఐసీ) చేత్తో సోల్డర్ చేస్తే కాళ్లు కలిసిపోతున్నాయి, ఏం చేయాలి?

టంకం_పొగ:
ఐసీ ఏటీమెగా328పీ, కాళ్ల మధ్య 0.8 మి.మీ. సూది మొన బిట్, 1 మి.మీ. లెడ్ (టంకం) వైరు, 400 డిగ్రీలు. రెండు మూడు కాళ్లు కలిసి షార్ట్ అవుతున్నాయి. పక్కనున్న 0603 సైజు చిన్న కెపాసిటర్లు ఒకవైపు లేచి ఉంటున్నాయి.

రాగిరేకు:
ముందు ఆ సూది మొన తీసేయండి. దాని కొసకు వేడి సరిగా అందదు, అందుకే 400 పెట్టాల్సి వస్తోంది. 2 మి.మీ. ఉలి మొన బిట్ వేస్తే 330-340 చాలు. 63/37 లెడ్ (63% తగరం, 37% సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది. వైరు 0.5 మి.మీ. వాడండి. 1 మి.మీ. వైరులో అంతే పొడవుకు నాలుగింతల లెడ్ ఉంటుంది, తాకగానే ముద్ద పడుతుంది.

0603కి రెండు ప్యాడ్ల (బోర్డు మీద కాలు అతికే రాగి మచ్చల) మీదా ముందే లెడ్ పెడుతున్నట్టున్నారు. ఒక్క ప్యాడ్‌కే కొద్దిగా పెట్టండి. అది కరిగి ఉండగా ట్వీజర్‌తో కెపాసిటర్‌ని పక్కనుంచి అందులోకి జరపండి. బిట్ తీశాక లెడ్ గట్టిపడేదాకా ట్వీజర్ వదలొద్దు. ఆ తర్వాతే రెండో వైపు.

జిగురు_ఫ్లక్స్:
ఐసీ షార్టులకు అసలు కారణం ఫ్లక్స్ (లెడ్ బాగా అంటుకునేలా చేసే పదార్థం) చాలకపోవడమే. ఐసీ మీది చుక్క చూసి 1వ కాలు సరిపెట్టుకుని, ఎదురెదురు మూలల్లో ఒక్కో కాలు అతికించండి. భూతద్దంతో నాలుగు వైపులా చూడండి, పక్కకు జరిగితే సర్దుకోగలిగేది ఇప్పుడే. తర్వాత వరుస మొత్తానికీ జెల్ ఫ్లక్స్ ధారాళంగా రాసి, బిట్ మీద చిన్న లెడ్ బొట్టుతో కాళ్ల వెంట మెల్లగా లాగండి. ఫ్లక్స్ ఉన్నంతసేపూ లెడ్ గుండ్రంగా మెరుస్తూ కాళ్లకే అంటుకుంటుంది. మసకబారి ముల్లులా సాగిందంటే ఫ్లక్స్ అయిపోయినట్టే, అక్కడే ఆగి మళ్లీ రాయండి.

వరుస చివర రెండు కాళ్లు కలవడం మామూలే. బిట్ తుడిచి, ఫ్లక్స్ రాసి, బయటివైపుకు లాగితే ఎక్కువైన లెడ్ బిట్‌కే వచ్చేస్తుంది. అప్పటికీ పోకపోతేనే విక్ (లెడ్‌ని పీల్చుకునే రాగి అల్లిక). విక్‌ని రుద్దితే ప్యాడ్ ఊడుతుంది. బిట్‌నీ విక్‌నీ కలిపి ఒకేసారి పైకెత్తాలి.

టంకం_పొగ:
పైపులకు వాడే ఫ్లక్స్ డబ్బా ఉందండీ, సరిపోతుందా?

జిగురు_ఫ్లక్స్:
వద్దు! అందులో ఆమ్లం ఉంటుంది, మిగిలిన తడి రాగి ట్రాకుల్ని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కి చేసిన రోజిన్ ఫ్లక్సే వాడండి. అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో కడగండి.

రాగిరేకు:
కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో 3-4, 4-5, 5-6 కాళ్ల మధ్య షార్ట్ ఉందేమో (బీప్ వస్తుందేమో) చూడండి. ఈ ఐసీలో 3, 5 గ్రౌండ్. 4, 6 వీసీసీ (ఐసీకి కరెంటు వచ్చే కాళ్లు). పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ప్రమాదమంతా అక్కడే. 4కీ 6కీ మధ్య బీప్ వస్తే కంగారొద్దు, బోర్డు మీద అవి కలిసే ఉంటాయి.