అప్‌డేట్: చెవులు వినపడని డాల్మేషియన్ కుక్కపిల్ల, ట్రైనింగ్ కుదిరింది

పిలిస్తే పలకట్లేదు, నిద్రలో ముట్టుకుంటే కరవబోతోంది అని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ. వెట్‌కి చూపించాం, రెండు చెవులూ పుట్టుకతోనే వినపడవట. తెల్లరంగు జీన్ వల్ల ఈ జాతిలో ఇది ఎక్కువేనట, పుట్టిన కొన్ని వారాల్లోనే లోపలి చెవిలో కణాలు చచ్చిపోతాయి, కాబట్టి ఇయర్ డ్రాప్స్, గుబిలి తీయించడం ఇవేవీ పనికిరావు.

బాగా పనిచేసింది "శభాష్" అన్నట్టు బొటనవేలు పైకెత్తే సైగ. వేలు చూపించగానే చికెన్ ముక్క, అలా అలవాటయ్యాక "కూర్చో", "రా" చేతి సైగలతో తొందరగానే పట్టేసింది, మా అమ్మ సైగ చేస్తూ నోటితో కూడా అరుస్తుంది అనుకోండి, అది వేరే సంగతి. నిద్ర లేపాలంటే ముందు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వాసన తగిలాక భుజం మీద మెల్లగా తట్టి వెంటనే తినడానికి ఏదైనా పెడుతున్నాం, ఇప్పుడు ఉలిక్కిపడట్లేదు. రాత్రి డాబా మీద ఉంటే టార్చ్ ఒకసారి ఆర్పి వెలిగిస్తే వచ్చేస్తుంది. అదురు తెలిసి చూస్తుందని కాలితో నేల కొట్టమన్నారు గానీ గ్రానైట్ ఫ్లోరింగ్ కదా, దానికి ఏమీ తెలియట్లేదు. వైబ్రేషన్ కాలర్ (రిమోట్ నొక్కితే అదిరే మెడపట్టీ) అవసరం పడలేదు. బయటికి మాత్రం లీష్ లేకుండా వదలట్లేదు, బండి హారన్ వినపడదుగా.