ఏడో తరగతి పాఠాలు: ఋణం ఇంటూ ఋణం ధనం ఎలా అవుతుందో పిల్లాడికి చెప్పేదెలా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి వరంగల్ దగ్గర సర్కారు బడిలో ఏడో తరగతి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. నేను చదివింది తెలుగు మీడియం, పది వరకే.

సోషల్‌తో ఇబ్బంది లేదు. కాకతీయుల పాఠం వచ్చిందని మొన్న ఆదివారం రామప్ప గుడికి తీసుకెళ్లాను. 1213 నాటి గుడి అని బోర్డు చూడకుండానే చెప్పేశాడు. సైన్స్ కూడా ఫర్వాలేదు. ఆమ్లాలు, క్షారాలు చదివిన రోజే చొక్కా మీది పసుపు మరకకు సబ్బు రాసి, ఎర్రగా మారగానే ఇల్లంతా పిలిచి చూపించాడు. (ఆ చొక్కా ఉతికింది మాత్రం నేనే.)

టెన్షనంతా లెక్కలతోనే. పూర్ణాంకాలంటే హోల్ నంబర్స్ (0, 1, 2, 3...), పూర్ణ సంఖ్యలంటే ఇంటిజర్స్ (వాటితో పాటు −1, −2 లాంటి ఋణ సంఖ్యలు కూడా). ఈ రెండు పేర్లు నాకే కలిసిపోతున్నాయి. కూడికలు అప్పు, జమ అని చెప్తే పట్టుకున్నాడు. కానీ (−3) × (−4) దగ్గర ఆగిపోయాడు. "అప్పును అప్పుతో గుణిస్తే డబ్బెలా వస్తుందమ్మా?" అంటాడు. (−3) × 2 = −6, (−3) × 1 = −3, (−3) × 0 = 0 అని రాసి, ప్రతిసారీ 3 పెరుగుతోంది చూడు, తర్వాత (−3) × (−1) అంటే 3 రావాలి కదా అన్నాను. వరుస ఒప్పుకున్నాడు, కారణం ఒప్పుకోలేదు.

ఇంట్లో గింజలతోనో, మెట్ల మీద నడిపించో చూపించే పద్ధతి ఏదైనా ఉందా? లెక్కల టీచర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పరీక్ష వచ్చే వారమే.